దుప్పటి సందులో నవ్వు

జూన్ 9, ఆదివారం

నా పాత నేస్తం పిచ్చుకకు,

కొంగ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే, ఉభయుల్లో ఒకరి కుశలం నాకు తెలియక చాలా ఏళ్లయింది. అందుకని నా వంతు కుశలం రాసేస్తాను, నీ వంతు నువ్వు తిరుగు టపాలో పంపు. మోకాళ్లు తప్ప మిగతా ఒళ్లంతా నా మాట వింటోంది. మా ఆయన బస్సు దిగి రిటైరయ్యాడు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని నన్ను నడుపుతున్నాడు. కూతురూ అల్లుడూ రెండు వీధుల అవతలే ఉంటారు. లాండ్రీ మూతపడ్డాక నేను ఆ వెనక సందులోనే చిన్న కుట్టు దుకాణం పెట్టుకున్నాను. బిగుతైన బట్టలు వదులు చేసి ఇస్తాను. ఊళ్లో జనం లావవుతున్నంత కాలం నాకు పనికి కొదవ లేదు.

నీ అడ్రసు మన లాండ్రీ వ్యాను నడిపిన పెద్దాయన ఇచ్చాడు. మీ ఊరు ఏదో పని మీద వెళితే మందుల షాపులో నువ్వు కనబడ్డావట. మనిషి అంతే పొట్టి, గొంతు అంతే పెద్దది అన్నాడు. నాకు ఎంత హాయిగా అనిపించిందో! మనిద్దరం ఇస్త్రీ బల్లల మధ్య నడిచి వస్తుంటే కొంగా పిచ్చుకా వస్తున్నాయర్రా అని అందరూ అరిచేవాళ్లు, గుర్తుందా? నన్నిప్పుడు ఆ పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. నడుము వంగాక కొంగనేం కాను, బాతునయ్యాను.

ఇన్నేళ్లకు ఈ ఉత్తరమేమిటని నువ్వు కళ్లెగరేస్తున్నావని నాకు తెలుసు. విషయం ఆ ఫొటో గురించే. ఆగు, చింపకు. చింపాలనుకుంటే చివరిదాకా చదివాక చింపు, కాగితం ఎక్కడికీ పోదు.

ఆ వారపత్రిక మన లాండ్రీ మీద పది పేజీల నిండా ఫొటోలు వేసింది కదా! అందులో అందరికీ గుర్తున్నది ఒక్కటే. వాన మొదలవుతుంటే వెనక సందులో, నెత్తి మీద హోటలు దుప్పటి తెరచాపలా ఎగురుతుంటే, నోరారా నవ్వుతూ పరిగెత్తే మనిషి. కళ్లు దుప్పటి అంచు కింద దాగిపోయాయి. కనబడేది ఆ నోరు, పైకెత్తిన చెయ్యి, నేల వదిలిన ఒక కాలు. కింద ‘తోటివారు కొంగ అని పిలుచుకునే లాండ్రీ కార్మికురాలు’ అని అచ్చు వేశారు. పత్రిక ఎప్పుడో ఆగిపోయింది. కింద వేసిన ఆ మాటా పోయింది. బొమ్మ మాత్రం పోలేదు. పైగా పిల్లల్ని పెట్టింది.

మొదట సబ్బు పొడి డబ్బా మీదకెక్కింది. తర్వాత సినిమా పోస్టర్లు. హీరోయిన్ అన్నాక నెత్తి మీద ఏదో ఒక బట్ట ఎగరేసుకుని పరిగెత్తాల్సిందే. ఆ తర్వాత నోటుపుస్తకాల అట్టలు, క్యాలెండర్లు, పరుపుల కంపెనీ, ఆఖరికి బీమా కంపెనీ కూడా. దుప్పటికీ బీమాకీ సంబంధమేమిటో నాకు ఈనాటికీ బోధపడలేదు. మా మనవరాలి బడిలో పిల్లల చేత నాటకం వేయిస్తే, ఒక గడుగ్గాయి తువ్వాలు ఎగరేసుకుంటూ స్టేజీకి అడ్డంగా పరిగెత్తింది. చూసేవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఎందుకు కొడుతున్నారో వాళ్లకే తెలియదు. ఎక్కడో చూశాం, బాగుంటుంది అని మాత్రం తెలుసు.

మన మూలమలుపు స్టూడియో ఆయన గుర్తున్నాడా? కదలకండి, నవ్వకండి, ఊపిరి బిగబట్టండి అని మనల్ని బొమ్మల్లా నిలబెట్టేవాడు. వెనకాల పూలకుండీ గీసిన తెర. ఆ పత్రిక వచ్చాక ఆయన దగ్గరికి వచ్చినవాళ్లంతా తెర వద్దన్నారు. రొట్టెల బట్టీ ఆయన బట్టీ ముందు తీయమన్నాడు. మా ఆయన బస్సు స్టీరింగు పట్టుకుని తీయించుకున్నాడు. పాపం ఆ స్టూడియో ఆయన కెమెరా మెడలో వేసుకుని మనుషుల వెంట పరిగెత్తడం ఆ వయసులో నేర్చుకున్నాడు. పని చేసుకునే మనిషి కూడా ఫొటోకి పనికొస్తాడని ఈ ఊరికి తెలిసింది అప్పుడే.

ఇప్పుడు మన సందును కుర్రకారంతా దుప్పటి సందు అంటారు. శని, ఆదివారాలు వస్తే చాలు, పెళ్లి కుదిరిన జంటలు, ఫోన్లు పట్టుకున్న పిల్లలు, పై ఊళ్ల వాళ్లు దిగుతారు. టీ కొట్టువాడు పక్కన దుప్పట్లు అద్దెకిస్తున్నాడు కూడా. ఉతికినవి ఒక ధర, ఉతకనివి ఒక ధర. మొన్న నేను దుకాణం ముందు కుర్చీ వేసుకుని చేతికుట్టు కుడుతుంటే ఒక పెళ్లి ఫొటోగ్రాఫరు వచ్చి, అమ్మమ్మగారూ, కాస్త పక్కకి జరుగుతారా, ఫ్రేములో పడుతున్నారు అన్నాడు. ఎంతో మర్యాదగానే అన్నాడులే. నేను కుర్చీ ఎత్తుకుని లోపలికి పోయి, మిషను మీద తల వాల్చి కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాను. ఆ సంగతి చెప్పుకుని నవ్వడానికి ఈ భూమ్మీద ఒక్క మనిషే ఉంది. అందుకే ఈ ఉత్తరం.

ఇంకో కబురు కూడా ఉంది. మన లాండ్రీ కొన్నాళ్లు గోడౌనుగా పడి ఉండి ఇప్పుడు మ్యూజియం అయింది. ఆవిరి గది ఉన్న చోట ఆ పది పేజీల ఫొటోలన్నీ పెడతారట. ఆ పని చూస్తున్న అమ్మాయి పాత పత్రికలో నా ముద్దుపేరు చదివి, వీధివీధీ అడుగుతూ నా దుకాణానికి వచ్చింది. పత్రికకు ఆ ఫొటోలు తీసినాయన పోయాడట. ఆయన కూతురు ఫిల్ములన్నీ పెట్టెలతో సహా మ్యూజియానికి ఇచ్చేసిందట. చూడ్డానికి రమ్మంది. చూసి వచ్చి రాస్తాను.

ఇట్లు,
నీ కొంగ


జూన్ 23, ఆదివారం

పొగరుబోతు పిచ్చుకకు,

నీ కార్డు అందింది. ‘క్షేమం. ఆ ఫొటో సంగతి నాకు రాయొద్దు.’ ఇంత పొడవాటి జవాబు రాసినందుకు వేళ్లు నొప్పెట్టి ఉంటాయి, కాస్త నూనె రాసుకో. నువ్వు వద్దన్నావు కాబట్టి ఈ ఉత్తరంలో ఆ సంగతి తప్ప ఇంకేమీ రాయను.

పత్రిక వచ్చిన రోజు నాకు నిన్నటిలా ఉంది. మేనేజరు ఆ పేజీని నోటీసు బోర్డుకు అంటించాడు. అందరూ నన్ను పట్టుకుని ఊపేస్తున్నారు. నువ్వు మాత్రం బోర్డు ముందు నిలబడి ఆ ఫొటోను అలా చూస్తూ ఉండిపోయావు. ఆ దుప్పటిని మనిద్దరం కలిసి మోశాం. ఇద్దరం కలిసి పరిగెత్తాం. ఫొటోలో ఒక్కరే ఉన్నారు. నువ్వు అన్నది ఒకే ఒక్క మాట, బాగుందే, దుప్పటి ఒక్కదానివే మోశావన్నమాట అని. తర్వాత ఇస్త్రీ బల్ల మార్చుకున్నావు. ఆ తర్వాత ఊరే మార్చుకున్నావు. నేనే ఆ ఫొటో ఆయనకు కన్నుగీటి ఫొటోలోంచి నిన్ను తీయించేశానని నువ్వు అన్నట్టు ఎవరో నా చెవిన వేశారు. కన్నుగీటడం నాకు చేతనవుతుందటే? ఒక కన్ను మూస్తే రెండోదీ మూసుకుపోతుందని నువ్వే కదా ఎగతాళి చేసేదానివి!

నిన్న మ్యూజియానికి వెళ్లాను. ఆ అమ్మాయి నా ముందు ఒక పెద్ద కాగితం పరిచింది. ఒక రీలులో తీసినవన్నీ తపాలా బిళ్లలంత సైజులో వరసగా అచ్చువేసి ఉన్నాయి దాని మీద. చేతికి భూతద్దం ఇచ్చింది. పిచ్చుకా, అందులో మన లాండ్రీ అంతా ఉందే! బట్టల సోడా నీళ్లకు పగిలిన చేతులు, ఒట్టి చేతులు, మనుషులు లేకుండా. ఆవిరిలో సగం కరిగిపోయినట్టున్న ముసలి ఇస్త్రీ తాత. దండేల కింద నేల మీద పడి నిద్రపోతున్న మనవాళ్లు నలుగురు. ఆ పిల్లను అడిగాను, ఈ పగిలిన చేతుల బొమ్మను ఏ సబ్బు కంపెనీ ఎందుకు తీసుకోలేదమ్మా అని. ఆ పిల్ల పకపకా నవ్వి, తర్వాత నవ్వు ఆపేసింది. నవ్వునొక్కదాన్ని ఏరుకుని లోకమంతా మెడలో దండ వేసుకుంది, చేతులు మాత్రం పెట్టెలో ఉండిపోయాయి అంది. ఈసారి అవి కూడా అంతే పెద్దవి చేసి గోడకు పెడతానంది. నాకు ఆ పిల్ల నచ్చింది.

చివరి వరసలో మన దుప్పటి కనబడింది. గీతలు పడి, మరీ చిన్నగా ఉంది. మొహాలు ఆనవాలు పట్టలేకపోయాను. కానీ దుప్పటి కింద ఇద్దరున్నారు. ఒకరు కాదు. ఇద్దరు! నేను భూతద్దం కింద పెట్టి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. ఇద్దరే.

మరి ఎవరు కత్తిరించారు? ఆ పత్రికకు పేజీలు అమర్చిన ఆయన ఇంకా ఉన్నాడు. మ్యూజియం అమ్మాయి ముందే వెళ్లి అడిగి వచ్చింది. ఆయనకు మొత్తం గుర్తుంది. ఆ ఫొటోను రెండు పేజీలకూ పరిచి వేద్దామనుకున్నాడట. పరిస్తే పత్రిక మధ్యలో కుట్టే పిన్నులు సరిగ్గా రెండో మనిషి మొహంలో దిగుతున్నాయట. ముక్కులో ఒకటి, గడ్డంలో ఒకటి. పాపం ఆ మనిషికి అంత శిక్ష ఎందుకని ఆ సగం కత్తిరించేసి, మిగిలిన సగాన్ని ఒక్క పేజీకి పెంచాడట. మనమెవరమో ఆయనకు తెలియదు. మనలో ఎవరి మీదా ఆయనకు ప్రేమా లేదు, కోపమూ లేదు. అంతా పిన్నుల మహిమ.

విన్నావా? నా కన్ను కాదే తల్లీ, పిన్ను. నాకు ఆ మాట వినగానే ముందు ఒళ్లు మండింది, తర్వాత నవ్వొచ్చింది, తర్వాత నీకు రాయాలనిపించింది. ఆ అమ్మాయి ఆ ఒక్క ఫొటోను వచ్చే వారం గోడంత ప్రింటు వేయిస్తుంది. రెండు సగాలతో.

ఈసారైనా కార్డు మీద మూడో వాక్యం రాయి.

నీ పాత బల్ల జోడీ,
కొంగ


జూలై 7, ఆదివారం

ప్రియమైన పిచ్చుకకు,

నీ ఉత్తరం చదివి మా ఆయనకు వినిపించాను. ‘పిన్ను దిగితే దిగనీ, ముక్కులో దిగినా నేను అక్కడే ఉండేదాన్ని కదా’ అని రాశావు చూడు, ఆ వాక్యం రెండోసారి చదివించుకున్నాడు. తర్వాత మా ఆయన, నీ స్నేహితురాలు ఇలా రాస్తుందని తెలిస్తే నేనే వెళ్లి పేజీలు మళ్లీ కుట్టించేవాణ్ని అన్నాడు. మీ ఆయనకు షుగరు అదుపులోకి వచ్చినందుకు సంతోషం. మీ అబ్బాయి రైలు ఇంజన్లు బాగుచేస్తాడని చదివి గర్వపడ్డాను. నీ కొడుకు కదా, గొంతు ఇంజన్ల మధ్య కూడా వినబడుతుంది.

మ్యూజియం గది తెరిచేది వచ్చే ఆదివారం పొద్దున. నువ్వు రావాలి. మీ ఆయన్ని తీసుకురా. మా ఇంట్లో ముందు గది మీకే. మంచం కొంచెం కిర్రుమంటుంది, మా ఆయన గురక ముందు అది ఏ మూలకీ రాదు. రైలు దిగాక ఆటో ఎక్కి దుప్పటి సందు అంటే చాలు, ఎవరైనా తెస్తారు. కావాలంటే దుప్పటి కూడా అద్దెకు ఇప్పిస్తారు.

ఆవిరి గదికి సున్నం వేశారు. నేల మాత్రం అలాగే ఉంచమని ఆ అమ్మాయి పట్టుబట్టింది. మన చెక్క చెప్పుల అరుగుదల ఇంకా తెలుస్తుంది. ద్వారం పక్కన పగిలిన చేతులు ముందు కనబడతాయి, వాటిని దాటితే గానీ దుప్పటి కనబడదు. పోయిన వారం ఆ అమ్మాయి టీ కొట్టు దగ్గర దుప్పటి ఎగరేస్తున్న పిల్లల్ని నలుగురిని లోపలికి పిలిచి ఆ చేతుల ముందు నిలబెట్టింది. వాళ్లలో ఒక పిల్ల చాలాసేపు చూసి, మా నాన్న చేతులు ఇలాగే ఉంటాయి, ఆయనది టైర్ల పని అందట. సాయంత్రం తండ్రి చేతుల్ని ఫోన్లో ఫొటో తీసి తెచ్చి చూపించింది. దానికి ఎవరూ నేర్పలేదు. కళ్లకు ఒకసారి దారి చూపిస్తే అవే నడిచిపోతాయి కాబోలు.

నాకు కొత్త కోటు కుట్టుకున్నాను. నీ కొలతలు తెలియవు కాబట్టి నీకు కుట్టలేదు. పొడవు మాత్రం తెలుసు, అది మారి ఉండదు.

మీ ఆయనకు నా నమస్కారాలు, మీ అబ్బాయికి ఆశీస్సులు. ఏ బండికి వస్తున్నావో ఫోను చెయ్యి. నంబరు కవరు మీద రాశాను.

ఎప్పటికీ నీ,
కొంగ

తా.క.: అసలు సంగతి ఇక్కడికి వచ్చాక చెబుదామనుకున్నాను. నా నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసు కదా, ఆగలేకపోతున్నాను.

గోడంత ప్రింటు వచ్చిన రోజు నన్ను పిలిచారు. ఇద్దరు పనివాళ్లు దాన్ని చుట్ట విప్పి నిలబెట్టారు. దుప్పటికి ఎడమవైపు నవ్వుతూ పరిగెత్తే మనిషి, లోకమంతా ఎరిగిన మనిషి. కుడివైపు, కత్తిరించేసిన సగంలో, ఇంకో మనిషి. కుడివైపు మనిషి దుప్పటి చివర పట్టుకుని, మోకాలి దాకా మురుగు కాలువలో దిగబడి, నోరు తెరిచి అరుస్తోంది. ఒక కాలు గోతిలో ఉన్నా కూడా ఎడమవైపు మనిషి కంటే జానెడు పొడుగుంది.

ఆ మురుగులో ఉన్నది నేనే పిచ్చుకా. ఆ నవ్వేది నువ్వు.

నేను ఆ కాలువలో పడడం, మడమ వాచిపోవడం, నువ్వు రెండు రోజులు నా వంతు పని చేయడం, అన్నీ నాకు గుర్తున్నాయి. అది ఆ క్షణంలోనేనని మాత్రం నాకు తట్టలేదు. పత్రికలో కొంగ అని వేశారు కదా, అచ్చులో వేసింది తప్పవుతుందని మనకెలా తెలుస్తుంది? ఫొటో తీసినాయన మన ఇద్దరి ముద్దుపేర్లూ రాసి ఇచ్చాడట. సగం కత్తిరించాక, ఫొటో కింద మాటలు రాసినవాళ్లు మిగిలిన మనిషికి మొదటి పేరు తగిలించేశారు. పక్కన కొలిచి చూసుకోవడానికి ఇంకో మనిషి లేకపోతే పొట్టివాళ్లయినా పొడుగ్గానే కనబడతారు. ఇన్నేళ్లూ లోకం నిన్ను చూసి పొడుగనుకుంది. నువ్వేమో నీ బొమ్మ మీద నువ్వే అలిగి ఊరు వదిలి వెళ్లావు!

ఆ అమ్మాయి నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చింది. పేరు పలక ఇంకా చెక్కించలేదు, పాత పత్రికలో ఉన్నట్టే వేయమంటే అలాగే వేస్తాను, మీ ఇష్టమండీ అంది. అబద్ధమెందుకు, ఒక్క క్షణం ఆగాను. నా బతుకులో నాకంటూ ఉన్న గొప్ప అదొక్కటే. ఆ సందు ఆ చివర నుంచి ఈ చివరకు ఒకసారి నడిచి వచ్చాను. ఎవరో జంట దుప్పటి ఎగరేసుకుంటున్నారు. పిల్ల అచ్చం నీలాగే నోరు తెరిచి నవ్వడానికి ప్రయత్నిస్తోంది, కుదరడం లేదు. దానికి పక్కన కాలువలో పడే మనిషి లేదు కదా. అది చూసేసరికి నాకే నవ్వు ఆగలేదు. లోపలికి వెళ్లి, ఆ నవ్వు మా పిచ్చుకది, పూర్తి పేరు రాసుకో అమ్మా అని చెప్పాను. చెప్పాక ఒళ్లు తేలికైంది.

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను. ఆ నవ్వు లక్షమందిలో ఉన్నా గుర్తుపడతాను అని పెళ్లినాటి నుంచి చెబుతున్న మనిషి. కాసేపు ఆలోచించి, నాకెప్పుడూ అనుమానమే, నువ్వంత బాగా నవ్వవు అన్నాడు. ఆ పూట వంట ఆయనే చేసుకున్నాడు.

ఎవరో పెద్దమనిషి ఆ ఫొటో మీద పుస్తకంలో వ్యాసం రాశాడట. ఆ స్త్రీ మొహం భవిష్యత్తు వైపు తిరిగి ఉంది అన్నాడట. ఆ భవిష్యత్తును నేనేనే, మోకాలి దాకా మురుగులో. ఈ భూమ్మీద ఇంతమంది మెచ్చుకున్న నవ్వు నువ్వు నన్ను చూసి నవ్విన నవ్వు. ఇంకేం కావాలి నాకు?

తప్పకుండా రా. ఆ కాలువ ఎప్పుడో పూడ్చేశారు. మళ్లీ పడతానని మాత్రం ఆశపెట్టుకోకు.